ఆఫీసు ప్రింటర్లకు డ్రైవరు ఎంపిక: పీసీఎల్ 6, పోస్ట్‌స్క్రిప్ట్, యూనివర్సల్, ఐపీపీల్లో ఏది, దేనికి?

మల్లేశ్వరం ఆఫీసు:

సభ్యులందరికీ నమస్కారం. బెంగళూరు మల్లేశ్వరంలోని ఒక ఆడిటింగ్ కార్యాలయంలో కంప్యూటర్లు, ప్రింటర్ల బాధ్యత ఈమధ్యే నా చేతికి వచ్చింది. నెట్‌వర్కులో ఉన్న నలుపు తెలుపు లేజరు ప్రింటర్లు రెండు, శాఖకొక కోడు పెట్టుకున్న పెద్ద కాపియరు ఒకటి, అకౌంట్సు విభాగంలో యూఎస్‌బీ కేబులుతో నడిచే చిన్న లేజర్లు రెండు, బిల్లుల కోసం ఒక డాట్ మ్యాట్రిక్సు ఉన్నాయి. పనిచేసేవారు నలభై మందికి పైగా ఉంటారు. కంప్యూటర్లలో ఎక్కువ భాగం విండోస్ 11, కొన్ని ఇంకా విండోస్ 10, భాగస్వాముల దగ్గర రెండు మ్యాకులు.

సమస్య ఏమిటంటే, ఒకే ప్రింటరుకు ఒక్కో కంప్యూటరులో ఒక్కో డ్రైవరు వేసి ఉంది. ఒకచోట పీసీఎల్ 6, ఒకచోట పీఎస్ (పోస్ట్‌స్క్రిప్ట్), ఇంకొకచోట ఒకే తయారీదారు మోడళ్లన్నిటికీ ఒకటిగా వచ్చే యూనివర్సల్, కొత్త ల్యాప్‌టాపుల్లో విండోస్ తనంతట తానే తెచ్చుకున్న ఐపీపీ క్లాస్ డ్రైవరు, అంటే వేర్వేరు తయారీదారుల ప్రింటర్లకు పనికొచ్చే విండోస్ సొంత సాధారణ డ్రైవరు. ఒకే బ్యాలెన్సు షీటును ఇద్దరు ప్రింటు తీస్తే ఒకరికి కుడివైపు అంకెల వరుస పూర్తిగా వస్తుంది, మరొకరికి చివరి అంకె తెగిపోతుంది. కన్నడంలో పంపవలసిన లేఖల్లో ఒత్తులు పక్కకు జరుగుతున్నాయి. తెలుగు లేఖలదీ అదే పరిస్థితి. ఒకరికి రెండువైపులా ముద్రించే వీలు కనబడుతుంది, పక్క బల్ల వారికి కనబడదు. తయారీదారు వెబ్‌సైటులో చూస్తే ఒక్క మోడలుకే అయిదారు డౌన్‌లోడులు ఉన్నాయి. దేని తేదీ కొత్తదైతే దాన్ని వేసుకోవడమే ఇప్పటివరకు ఇక్కడ జరుగుతున్న పద్ధతి. దేన్ని ఆధారంగా చేసుకుని ఎంచుకోవాలో అనుభవం ఉన్నవారు చెబితే కార్యాలయం మొత్తానికీ ఒక క్రమం ఏర్పాటు చేయాలని ఉంది.

ఎస్పీ రోడ్డు సర్వీసు:

తేదీని చూసి డ్రైవరు వేసే పద్ధతిని ముందుగా ఆపించండి. ఎంపిక ప్రింటరు దగ్గర మొదలు కావాలి. నెట్‌వర్కు ప్రింటర్ల ప్యానెలులో సాధారణంగా రిపోర్టుల మెనూ ఉంటుంది. అందులోంచి కాన్ఫిగరేషన్ పేజీని ప్రింటు తీసి, లాంగ్వేజెస్ అనో పర్సనాలిటీస్ అనో ఉన్న వరుస చదవండి. ఆ యంత్రానికి ఏయే పేజీ భాషలు అర్థమవుతాయో అక్కడ ఉంటుంది. డ్రైవరు చేసే అసలు పని మీ వర్డు పేజీనో ఎక్సెల్ షీటునో ఆ భాషల్లో ఒకదానిలోకి మార్చి పంపడమే కాబట్టి, ఆ వరుస చూడకుండా డౌన్‌లోడు పేజీ తెరిస్తే ప్రయోజనం లేదు.

పోస్ట్‌స్క్రిప్ట్ అడోబీ సంస్థది. 1984లో వచ్చింది, మరుసటి సంవత్సరం ఆపిల్ లేజర్‌రైటరుతో ఆఫీసుల్లోకి ప్రవేశించింది. పీసీఎల్ హెచ్‌పీది. 1990లో లేజర్‌జెట్ 3తో పాటు వచ్చిన పీసీఎల్ 5 చాలా కాలం నిలబడింది. పీసీఎల్ 6 పేరు చూస్తే దానికి కొనసాగింపు అనిపిస్తుంది గానీ లోపలి నిర్మాణం పూర్తిగా వేరు. దాన్నే పీసీఎల్ ఎక్స్‌ఎల్ అని కూడా అంటారు. ఇక మిగతా తయారీదారుల సంగతి: బ్రదర్‌లో బీఆర్-స్క్రిప్ట్ 3, క్యోసెరాలో కేపీడీఎల్ అనేవి పోస్ట్‌స్క్రిప్టును అనుకరించే ఏర్పాట్లు, కానన్ యూఎఫ్ఆర్ 2, రికో ఆర్‌పీసీఎస్ ఆయా సంస్థల సొంత భాషలు. పెద్ద కాపియర్లలో పోస్ట్‌స్క్రిప్ట్ చాలాసార్లు విడిగా డబ్బు కట్టి కొనవలసిన అదనపు భాగం, అందువల్ల బ్రోచరులో ఉన్నంత మాత్రాన మీ యంత్రంలో ఉన్నట్టు కాదు.

యంత్రానికి తెలియని భాషలో పంపితే ఏం జరుగుతుందో సర్వీసుకు వెళ్లినచోటల్లా చూస్తుంటాం. పీఎస్ రాని ప్రింటరుకు పీఎస్ డ్రైవరుతో పని పంపితే, శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, ఆ వెంటనే పీఎస్-అడోబీ అన్న ఇంగ్లీషు అక్షరాలతో మొదలై ట్రేలోని కాగితాలన్నీ పిచ్చి రాతలతో బయటికి వస్తాయి. రెండు వాక్యాల లేఖకు కట్ట కాగితం ఖర్చవుతుంది. పీసీఎల్ 6 పని మధ్యలో చెడితే మరో రకంగా ఉంటుంది: ఒక్క కాగితం మీద పైన పీసీఎల్ ఎక్స్‌ఎల్ ఎర్రర్ అని, దాని కింద సబ్‌సిస్టమ్, ఎర్రర్, ఆపరేటర్, పొజిషన్ అని నాలుగు వరుసలు వస్తాయి. దాన్ని చూసి చాలామంది బోర్డు పోయిందని కంగారుపడి సర్వీసుకు ఫోను చేస్తారు. చాలా సందర్భాల్లో యంత్రానికి ఏ లోపమూ ఉండదు. అదే ఫైలును పీఎస్‌తోనో, అదే డ్రైవరు మరో వెర్షనుతోనో పంపితే శుభ్రంగా వస్తుంది. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆ పరీక్ష తప్పకుండా చేయండి.

మీ యూఎస్‌బీ లేజర్ల విషయం వేరు. మన ఆఫీసుల్లో ఏళ్ల తరబడి కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 వంటి మోడళ్లకు పీసీఎల్ గానీ పోస్ట్‌స్క్రిప్ట్ గానీ రావు. పేజీని చుక్కల బొమ్మగా మార్చే పనంతా కంప్యూటరే చేస్తుంది, ప్రింటరు దాన్ని కాగితం మీదికి ఎక్కిస్తుంది. 1020 అయితే స్విచ్చి వేసిన ప్రతిసారీ తన ఫర్మ్‌వేరును (యంత్రాన్ని నడిపే లోపలి ప్రోగ్రామును) కూడా కంప్యూటరులోని డ్రైవరు నుంచే తీసుకోవాలి. ఇలాంటివాటికి యూనివర్సల్, ఐపీపీ అని వెతకడం వృథా శ్రమ. ఆ మోడలుకు తయారీదారు ఇచ్చిన డ్రైవరు తప్ప మరొకటి పనిచేయదు. వాటిని పంచుకోకుండా ఒక్కొక్క కంప్యూటరుకు పరిమితం చేయడం మేలు.

రాజాజీనగర్ డీటీపీ:

ఒత్తుల గురించి నేను కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే తెలుగు, కన్నడం అచ్చు వేసేవారికి డ్రైవరు ఎంపికలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే. ప్రింటర్ల గురించి ఇంగ్లీషులో వచ్చే సలహాల్లో దీని ఊసే ఉండదు.

ఇంగ్లీషులో ఒక అక్షరం పక్కన మరొకటి వరుసగా నిలబడతాయి. మన లిపుల్లో ఒత్తు కిందికి వెళ్తుంది, గుడి పైకి వెళ్తుంది, "స్త్రీ" అన్న ఒక్క ముక్కలోనే మూడు నాలుగు ఆకారాలు ఒకే చోట ఒదగాలి. తెర మీద ఆ అమరికను విండోస్ సరిగ్గా చేస్తుంది. తర్వాత డ్రైవరు ఆ ఆకారాలను ఫాంటులోంచి ముక్కలుగా తీసి ప్రింటరుకు పంపుతుంది, ప్రింటరు వాటిని చెప్పిన స్థానాల్లో పేర్చుతుంది. వెడల్పు సున్నా ఉన్న ఒత్తుల వంటి ఆకారాల దగ్గర కొన్ని పీసీఎల్ డ్రైవర్లు లెక్క తప్పుతాయి, అప్పుడే ఒత్తు పక్క అక్షరం కిందికి జారుతుంది, లేదా అసలు రాదు. "కార్యాలయం" అన్న మాటలో యావత్తు పక్కన ఉన్న ల కిందికి చేరితే లేఖ ఎంత మర్యాదగా రాసినా చదివేవారికి ఎలా ఉంటుందో ఊహించండి. మరీ ముఖ్యంగా ఆస్తుల వివరాల్లో, పేర్లలో ఒక్క ఒత్తు తప్పినా ఆ కాగితం వెనక్కి వస్తుంది.

దీనికి మందు చాలా డ్రైవర్లలోనే ఉంటుంది. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ తెరిచి అడ్వాన్స్‌డ్ కిందికి వెళ్తే, ట్రూటైప్ ఫాంట్లను బిట్‌మ్యాపులుగా (చుక్కల బొమ్మలుగా) పంపాలా అన్న అర్థంలో ఒక ఎంపిక కనిపిస్తుంది. ఒక్కో తయారీదారు ఒక్కో మాట వాడతారు. దాన్ని ఎనేబుల్ చేస్తే అక్షరాలు కంప్యూటరులోనే బొమ్మలుగా మారి వెళ్తాయి కాబట్టి అమరిక చెడదు. పీడీఎఫ్ అయితే అడోబీ రీడరు ప్రింటు కిటికీలోని అడ్వాన్స్‌డ్ బటను నొక్కితే ప్రింట్ యాజ్ ఇమేజ్ అన్న గడి ఉంటుంది, అదీ ఇదే పని చేస్తుంది. ఫైలు బరువు పెరుగుతుంది, పెద్ద ఫైళ్లు కాస్త నెమ్మదిస్తాయి, బాగా చిన్న అక్షరాల అంచులు కొంచెం మొద్దుబారవచ్చు. ఆఫీసు లేఖలకు ఆ నష్టం లెక్కలోకి రాదు.

అదే ప్రింటరుకు పీఎస్ వచ్చి ఉంటే, నేనైతే భారతీయ లిపుల పనికి ముందు పీఎస్ డ్రైవరునే పరీక్షిస్తాను. చాలా యంత్రాల్లో అది గౌతమి, తుంగ, నిర్మలా యూఐ వంటి యూనికోడ్ ఫాంట్లను ఏ అదనపు అమరికా లేకుండానే సరిగ్గా తీసుకుంటుంది. తెలుగు అను ఫాంట్లలోనో కన్నడ నుడి ఫాంట్లలోనో చేసిన పాత ఫైళ్లు ఉన్న కార్యాలయాలు ఇంకొకటి గమనించాలి. అవి యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో మన ఆకారాలను కూర్చినవి. అందువల్ల డ్రైవరులో ఫాంటు మార్పిడి పట్టిక పనిచేస్తూ ఉండి, ప్రింటరు తన సొంత ఫాంటును వాడిందంటే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. ఆ మార్పిడిని పూర్తిగా ఆపి, ఫాంట్లను ఫైలుతో పాటు పంపేలా పెట్టాలి. అన్నిటికంటే క్షేమమైన దారి ఆ ఫైలును ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్‌గా చేసి, ఆ పీడీఎఫ్‌ను ప్రింటు తీయడం.

మల్లేశ్వరం ఆఫీసు:

చాలా కృతజ్ఞతలు. డీటీపీ గారూ, మీరు చెప్పిన బిట్‌మ్యాప్ ఎంపికను ఒక కంప్యూటరులో పెట్టి చూశాను, కన్నడ లేఖ సరిగ్గా వచ్చింది. సర్వీసు గారు చెప్పినట్టు కాన్ఫిగరేషన్ పేజీలు తీయించాను: నెట్‌వర్కు లేజర్లు రెండింటిలోనూ పీసీఎల్ 6, పీఎస్ రెండూ ఉన్నాయి, కాపియరులో పీఎస్ లేదు. అయినా అక్కడ ఒక కంప్యూటరులో పీఎస్ డ్రైవరు వేసి ఉంది! కుడివైపు అంకె తెగిపోవడం మాత్రం ఇంకా అర్థం కాలేదు.

ఎస్పీ రోడ్డు సర్వీసు:

రెండు కారణాలు చూడండి. మొదటిది కాగితం కొలత. అమెరికా అమరికతో వేసిన డ్రైవరులో డీఫాల్టు కాగితం లెటర్‌గా ఉంటుంది. అది 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. మన ఏ4 210, 297. ఆ ఆరు మిల్లీమీటర్ల తేడాలోనే మీ చివరి అంకె పోతూ ఉండవచ్చు. ప్రింటరు ప్యానెలు మీద లెటర్ కాగితం పెట్టమని అడుగుతూ పని ఆగిపోతుందంటే కారణం చాలావరకు ఇదే. రెండవది ఎక్సెల్ స్వభావం: నిలువు వరుసల వెడల్పును, పేజీ ఎక్కడ తెగాలన్నదాన్ని ఎక్సెల్ ఎంచుకున్న ప్రింటరు డ్రైవరు ఇచ్చే కొలతలతో లెక్కిస్తుంది. పీసీఎల్, పీఎస్ డ్రైవర్లు ముద్రించగల అంచులను కొద్ది తేడాతో చెబుతాయి కాబట్టి, ఒకే షీటు ఇద్దరికి రెండు రకాలుగా తెగుతుంది. ఒక ప్రింటరుకు కార్యాలయమంతా ఒకే డ్రైవరు, ఒకే వెర్షను ఉండాలని మేము పట్టుబట్టేది ఇందుకే.

కోరమంగళ నెట్‌వర్క్:

ఇంత శ్రమ ఎందుకన్నది నా అభిప్రాయం. తయారీదారుల డ్రైవర్ల కాలం ముగింపుకు వస్తోంది, కొత్తగా క్రమం పెట్టుకునేవారు ఐపీపీ క్లాస్ డ్రైవరుతోనే మొదలు పెట్టడం మంచిది. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన క్రమం ప్రకారం, ఇతర తయారీదారుల ప్రింటరు డ్రైవర్లకు విండోస్ అప్‌డేట్ ద్వారా ఇచ్చే సేవను దశలవారీగా తగ్గిస్తున్నారు. 2026 జూలై 1 నుంచి డ్రైవర్ల వరుసలో విండోస్ సొంత ఐపీపీ క్లాస్ డ్రైవరుకే ఎప్పుడూ మొదటి స్థానం. 2027 జూలై 1 తర్వాత భద్రతా సవరణలు తప్ప మరే మార్పూ ఆ దారిలో రాదు. అదీగాక విండోస్ 11 24హెచ్2 వెర్షనులో విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ అని ఒకటి ఉంది, దాన్ని ఆన్ చేస్తే తయారీదారుల డ్రైవర్లతో వేసిన ప్రింటర్లు తొలగిపోయి, తయారీదారు డ్రైవరు లేకుండా ముద్రించగలవని తెలిపే మోప్రియా ధ్రువీకరణ ఉన్నవే పనిచేస్తాయి.

ఈ మార్పు వెనుక గట్టి కారణం ఉంది. 2021 జూలైలో బయటపడిన ప్రింట్‌నైట్‌మేర్ అనే భద్రతా లోపం ప్రింట్ స్పూలరులోదే, అంటే ప్రింటు పనులను వరుసలో పెట్టి పంపే విండోస్ భాగంలోనిది. డ్రైవరును వేయించే మార్గం ద్వారానే దాడి చేసేవారు కంప్యూటరు మీద పూర్తి అధికారం సంపాదించగలిగేవారు. ఆ ఆగస్టు సవరణ నుంచి ప్రింటరు డ్రైవరు వేయాలంటే అడ్మినిస్ట్రేటరు హక్కులు తప్పనిసరి అయ్యాయి. డ్రైవరే వేయనవసరం లేని దారి ఉన్నప్పుడు అదే క్షేమం కదా. ఇంకొక సంగతి, డీటీపీ గారు చెప్పిన ఒత్తుల బాధ కూడా ఇందులో సాధారణంగా ఉండదు. ఐపీపీ దారిలో పేజీ చాలావరకు పీడబ్ల్యూజీ రాస్టర్ వంటి బొమ్మ రూపంలోనే వెళ్తుంది. మ్యాకుల్లో ఉండే ఆపిల్ సొంత ముద్రణ పద్ధతి ఎయిర్‌ప్రింట్ కూడా ఐపీపీ మీదే నడుస్తుంది కాబట్టి వాటికి విడిగా ఏమీ వెతకనవసరం లేదు.

ఎలక్ట్రానిక్ సిటీ సర్వర్లు:

కోరమంగళ గారి మాటల్లో భద్రత గురించి చెప్పిన భాగంతో పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ అన్ని యంత్రాలకూ ఐపీపీ క్లాస్ డ్రైవరు అనడంతో ఏకీభవించలేను. ఆ ప్రకటనను జాగ్రత్తగా చదవాలి: ఇప్పటికే వేసుకున్న డ్రైవర్లు ఆగిపోవు, తయారీదారులు తమ వెబ్‌సైటు ద్వారా డ్రైవర్లు ఇవ్వడం నిషేధం కాదు. తగ్గుతున్నది విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చే సరఫరా. ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్‌ను కూడా ఎవరో ఒకరు ఆన్ చేయాలి.

మల్లేశ్వరం గారి కాపియరు శాఖ కోడు అడుగుతుందన్నారు. ఆ కోడును ప్రతి పనితో పాటు అతికించి పంపేది తయారీదారు డ్రైవరే. క్లాస్ డ్రైవరులో ఆ గడి ఉండదు. అప్పుడు వినియోగదారుడికి తెర మీద ప్రింటు పూర్తయినట్టే కనిపిస్తుంది, క్యూ ఖాళీ అవుతుంది, యంత్రం మాత్రం కోడు లేని పనిని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. యంత్రం దగ్గరికి వెళ్లి జాబ్ లాగు చూస్తే తప్ప కారణం తెలియదు. పిన్ను కొట్టాకే బయటికి వచ్చే రహస్య ప్రింటు, కాగితాలకు రంధ్రాలు వేయడం, బుక్‌లెట్ మడత వంటివి కూడా మోడలును బట్టి క్లాస్ డ్రైవరులో కనిపించకపోవచ్చు. ఆడిట్ కార్యాలయంలో జీతాల పట్టికలు, క్లయింట్ల లెక్కలు ప్రింటు తీస్తారు కాబట్టి పిన్ను సౌకర్యాన్ని వదులుకోమని నేను చెప్పను. కాపియరుకు తయారీదారు పీసీఎల్ 6 డ్రైవరు గానీ, ఆ సంస్థ సొంత భాష డ్రైవరు గానీ పెట్టండి. సాదా లేజర్లకు క్లాస్ డ్రైవరు పరీక్షించి చూడండి, మీకు కావలసినవన్నీ కనిపిస్తే అక్కడ దాన్నే ఉంచండి.

యూనివర్సల్ గురించి ఎవరూ చెప్పలేదు. ఒకే తయారీదారు నుంచి పది పన్నెండు మోడళ్లు ఉన్న పెద్ద సంస్థలకు అది నిజంగా వరం. ఒక్క డ్రైవరును పరీక్షించి అన్నిచోట్లా వేయవచ్చు. రెండు మూడు యంత్రాలున్నచోట దానివల్ల ఒరిగేది తక్కువ, పైగా ప్రింటరుతో మాట్లాడి దాని సదుపాయాలు తెలుసుకోలేకపోయినప్పుడు డ్యూప్లెక్సు (రెండువైపుల ముద్రణ), రెండవ ట్రే మాయమవుతాయి. మీ దగ్గర పక్క బల్ల వారికి రెండువైపుల ఎంపిక కనబడకపోవడానికి ఇదే కారణం అయి ఉండవచ్చు. ప్రింటరు ప్రాపర్టీస్‌లో డివైస్ సెట్టింగ్స్ అన్న ట్యాబు తెరిచి, ఇన్‌స్టాలబుల్ ఆప్షన్స్ కింద డ్యూప్లెక్స్ యూనిట్ ఇన్‌స్టాల్డ్ అని పెడితే ఆ ఎంపిక తిరిగి వస్తుంది.

పీణ్య ప్లాంటు సిస్టమ్స్:

డ్రైవరు ఎంత మంచిదైనా పోర్టు, అంటే కంప్యూటరు నుంచి పని ప్రింటరుకు వెళ్లే దారి, తప్పుగా ఉంటే వృథా. విండోస్ తనంతట తాను ప్రింటరును కనిపెట్టి వేసినప్పుడు చాలాసార్లు డబ్ల్యూఎస్‌డీ పోర్టు (పరికరాలను తనంతట తానే వెతికి కలిపే పద్ధతి) పెడుతుంది. కొన్నాళ్లకు ప్రింటరు ఆఫ్‌లైన్ అంటుంది, ఎవరో డ్రైవరు తీసి మళ్లీ వేస్తారు, కాసేపు పనిచేస్తుంది, మళ్లీ అదే కథ. రౌటరులో ప్రింటరుకు స్థిరమైన ఐపీ కేటాయించి, తయారీదారు డ్రైవరుకు స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టు, రా పద్ధతి, పోర్టు నంబరు 9100 పెట్టండి. ఐపీపీ దారి అయితే 631 వాడుతుంది. పోర్టు సరిగ్గా ఉన్నా ప్రింటరు వెలవెలబోతూ ఆఫ్‌లైన్ చూపిస్తుంటే, పోర్టు అమరికలో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ అన్న గడి తీసేసి చూడండి. ఆ గడి ఉంటే విండోస్ ప్రింటరు స్థితిని అడుగుతూ ఉంటుంది, ప్రింటరు ఆ ప్రశ్నకు జవాబివ్వకపోతే విండోస్ దాన్ని ఆఫ్‌లైన్ అని రాసుకుంటుంది.

డాట్ మ్యాట్రిక్సు గురించి రెండు మాటలు. మా దగ్గర గేటు పాసులు, డెలివరీ చలానులు మూడు కార్బను ప్రతులతో రావాలి కాబట్టి అది ఇంకా కొనసాగుతోంది. దీనికి గ్రాఫిక్సు డ్రైవరు పెడితే ప్రతి వరుసనూ బొమ్మలా గీసుకుంటూ చాలా నెమ్మదిగా వస్తుంది. లెక్కల సాఫ్ట్‌వేరు టాలీలో పాత వెర్షన్ల నుంచీ డాట్ మ్యాట్రిక్సు ఫార్మాటు, క్విక్ డ్రాఫ్టు అని వేర్వేరుగా ఇచ్చింది ఇందుకే. అవి ప్రింటరు సొంత అక్షరాలను వాడతాయి. బిల్లులు ఇంగ్లీషులోనే ఉంటే విండోస్‌లో ఉండే జెనరిక్ / టెక్స్ట్ ఓన్లీ డ్రైవరు కూడా చక్కగా సరిపోతుంది. తెలుగో కన్నడమో కావాలంటే మాత్రం గ్రాఫిక్సు తప్పదు, అప్పుడు ఈఎస్‌సీ/పీ అనే డాట్ మ్యాట్రిక్సు భాషలో పంపే ఆ మోడలు డ్రైవరు వేయాలి.

కాగితం పొడవు విషయంలో జాగ్రత్త అవసరం. కంటిన్యుయస్ కాగితం 12 అంగుళాలది, అంటే 304.8 మిల్లీమీటర్లు. డ్రైవరులో ఏ4 ఉంటే అది 297 దగ్గరే పేజీ అయిపోయిందనుకుంటుంది. ఒక్కో పేజీకి దాదాపు 8 మిల్లీమీటర్లు పైకి జరుగుతూ, పదో బిల్లు వచ్చేసరికి శీర్షిక పై బిల్లు కాగితంలోకి వెళ్లిపోతుంది. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లోంచి ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్ తెరిచి, ఫార్మ్స్ ట్యాబులో కొత్త ఫారం అన్న గడి టిక్కు పెట్టి, మీ కాగితం అసలు కొలతలతో ఒక పేరు సృష్టించుకోండి. ఆ తర్వాత డ్రైవరులో కాగితంగా దాన్నే ఎంచుకోవాలి.

మల్లేశ్వరం ఆఫీసు:

మీ అందరి సలహాలను బట్టి ఒక నిర్ణయానికి వచ్చాను. నెట్‌వర్కు లేజర్లకు ఐపీపీ క్లాస్ డ్రైవరు, అందులో కన్నడ, తెలుగు లేఖలు, ఎక్సెల్ షీటు సరిగ్గా వస్తే అదే, రాకపోతే పీఎస్. కాపియరుకు తయారీదారు పీసీఎల్ 6, కోడు గడితో. యూఎస్‌బీ లేజర్లు యథాస్థానం, డాట్ మ్యాట్రిక్సుకు జెనరిక్. మ్యాకులకు ఎయిర్‌ప్రింట్. కాపియరును ఒక విండోస్ 11 కంప్యూటరు మీద షేరు చేసి అందరికీ అక్కడి నుంచే ఇవ్వాలా, లేక ప్రతి కంప్యూటరులోనూ నేరుగా ఐపీతో వేయాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఏ4, రెండువైపుల ముద్రణ అందరికీ ఒకే రకంగా ఉండాలన్నది కూడా కోరిక; నేను ప్రిఫరెన్సెస్‌లో పెట్టింది నా లాగిన్‌కే వర్తిస్తోంది.

ఎలక్ట్రానిక్ సిటీ సర్వర్లు:

మామూలు విండోస్ 11 కంప్యూటరును ప్రింట్ సర్వరుగా వాడవద్దు. దానికి ఒకేసారి ఇరవై కనెక్షన్లు మాత్రమే అనుమతి. మీ దగ్గర నలభై మందికి పైగా ఉన్నారు కాబట్టి నెలాఖరున అందరూ ఒకేసారి ప్రింటు తీసేటప్పుడు కొందరికి అందదు, పైగా ఆ కంప్యూటరు వాడే వ్యక్తి సాయంత్రం దాన్ని ఆపేస్తే అందరి పనీ ఆగిపోతుంది. విండోస్ సర్వరు ఉంటే దాని మీద పెట్టండి, లేకపోతే నేరుగా ఐపీతోనే వేయండి. సర్వరు మీద పెట్టేటప్పుడు డ్రైవర్లలో టైప్ 3 (పాత రకం), టైప్ 4 అన్న తేడా గమనించండి. టైప్ 4 విండోస్ 8 కాలంలో వచ్చింది. అందులో క్లయింటు కంప్యూటరుకు తయారీదారు డ్రైవరు దిగదు, మైక్రోసాఫ్ట్ సాధారణ డ్రైవరుతోనే పని జరుగుతుంది; భద్రతకు మంచిదే గానీ కోడు గడి వంటివి మళ్లీ కనిపించకపోవచ్చు. మీ కాపియరుకు టైప్ 3 వేయండి.

డీఫాల్టుల సంగతికి వస్తే, మీరు మార్చింది జనరల్ ట్యాబులోని ప్రిఫరెన్సెస్. అది ఆ వినియోగదారుడిదే. అదే ప్రింటరు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబుకు వెళ్తే ప్రింటింగ్ డీఫాల్ట్స్ అన్న బటను ఉంటుంది. అక్కడ ఏ4, డ్యూప్లెక్సు, బిట్‌మ్యాప్ ఎంపిక పెడితే ఆ తర్వాత ఆ ప్రింటరును కొత్తగా కలుపుకునే ప్రతి ఒక్కరికీ అవే వస్తాయి. అప్పటికే తన ప్రిఫరెన్సెస్ మార్చుకుని ఉన్నవారికి పాతవే నిలిచి ఉంటాయి. వారి లాగిన్‌లో ఆ ప్రింటరును తీసి మళ్లీ కలపాలి.

కొత్తవి వేసే ముందు పాత డ్రైవర్లను సమూలంగా తీయండి. ప్రింటరు బొమ్మ మీద రిమూవ్ నొక్కితే క్యూ పోతుంది, డ్రైవరు కంప్యూటరులోనే ఉండిపోతుంది, మళ్లీ కలిపినప్పుడు విండోస్ ఆ పాతదాన్నే తీసి పెడుతుంది. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్స్ ట్యాబు తెరిచి, డ్రైవరును ఎంచి, డ్రైవర్ అండ్ డ్రైవర్ ప్యాకేజ్ రెండూ తొలగించమనాలి. వాడుకలో ఉందని ఒప్పుకోకపోతే ప్రింట్ స్పూలర్ సర్వీసును ఒకసారి ఆపి ప్రారంభించి, వెంటనే తొలగించండి. ఆ పాత పీఎస్ డ్రైవరు ఉన్న కంప్యూటరుతోనే మొదలు పెట్టండి.

రాజాజీనగర్ డీటీపీ:

పరీక్ష కోసం ఇంగ్లీషు టెస్ట్ పేజీ మీద ఆధారపడవద్దని మల్లేశ్వరం గారికి నా మనవి. ఒక ఏ4 కాగితంలో పై సగం కన్నడం, కింది సగం తెలుగు పెట్టి, స్త్రీ, రాష్ట్రం, కార్యాలయం, లక్ష్మి, జ్ఞానం, ఆంధ్ర వంటి మాటలను నిర్మలా యూఐలోనూ మీరు రోజూ వాడే మరో ఫాంటులోనూ, 9 పాయింట్ల నుంచి 14 వరకు టైపు చేసి ఉంచుకోండి. ప్రతి డ్రైవరుతోనూ ఒకసారి వర్డు నుంచి, మరొకసారి పీడీఎఫ్ నుంచి ప్రింటు తీసి, వెనుకవైపు డ్రైవరు పేరు, వెర్షను పెన్సిలుతో రాయండి. డ్రైవరు కొత్త వెర్షను వేసినప్పుడల్లా అదే కాగితాన్ని మళ్లీ తీసి పాతదానితో పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ ఒత్తు కదిలిందో అప్పటికప్పుడే తెలిసిపోతుంది.